పికప్‌కి ఏ టైర్లు వెయ్యాల, డీజిల్ లెక్కేంది

మావైపు పికప్ ఉన్నోళ్ళు టైరు షాపుకి పొయ్యి మొట్టమొదట చేసే పని గ్రిప్పులో వేలు పెట్టి చూడటం. వేలు ఎంత లోపలికి పోతే అంత మంచి టైరని లెక్క, అది ట్రాక్టరు టైరు మాదిరి దిమ్మలు దిమ్మలుగా ఉంటే ఇంకా సంబరం. బండికి ఒక బలుపు వస్తాది నిజమే, కానీ రోజూ నెల్లూరు నుంచి కావలికీ అల్లూరుకీ రొయ్యల మేత బస్తాలేసుకోని తిరిగే బండికి ఆ టైరు దేనికో నాకైతే అర్థం కాదు. రొయ్యల గుంటల గట్టు మీద పోయేది ఎంత, మహా అయితే ఒక మైలు, మిగతాదంతా తారు రోడ్డే గదా.

మా బావమరిది ఈమధ్య సెకండ్ హ్యాండ్‌లో బొలెరో పికప్ తీసుకున్నాడు, "బావా, ఏ కంపెనీ టైరేస్తే మైలేజొస్తాది" అని అడిగాడు. కంపెనీ తర్వాతరా, ముందు నీ బండి తిరిగే రోడ్డేందో చూసుకో అన్నా. ఎమ్మారెఫ్, అపోలో, సియట్, జేకే అందరి దగ్గరా నిలువు గీతల టైరూ ఉంటాది, దిమ్మల టైరూ ఉంటాది. హైవే మీద తిరిగే బండికి నిలువు గీతలదే సుఖం, సౌండు తక్కువ, స్టీరింగు తేలిక, డీజిలూ కొంచెం కలిసొస్తాది. చీమకుర్తి క్వారీల్లోకి పొయ్యొచ్చే బండి అయితే అది వేరే కథ, అక్కడ రాయి ముక్కలు టైరు పక్క గోడని బ్లేడు పెట్టి కోసినట్టు కోస్తాయి, వాళ్ళు మందం టైరే వేసుకోవాల, మైలేజి సంగతి మర్చిపోవాల.

అసలు టైరు డీజిల్ ఎట్ట తాగుతాదంటే, బరువుకి రబ్బరు అణుగుతాది, మళ్ళీ లేస్తాది, చక్రం తిరిగిన ప్రతిసారీ ఇదే పని. అణిగినప్పుడు పట్టిన శక్తి అంతా వెనక్కి రాదు, కొంత వేడిగా పోతాది. నమ్మకపోతే నెల్లూరు నుంచి టంగుటూరు టోల్‌గేటు దాకా లోడుతో పొయ్యి దిగి టైరు మీద చెయ్యి పెట్టి చూడండి. ఆ కాలే వేడి మీరు బంకులో కొట్టించిన డీజిలే. రబ్బరు ఎంత మందంగా ఉంటే, గాలి ఎంత తక్కువుంటే అణిగేది అంత ఎక్కువ. ఈ వేడి తగ్గిద్దామనే మిషెలిన్ వాళ్ళు 1992లో రబ్బరులో సిలికా (ఇసుక జాతి పొడి) కలిపిన టైరు తెచ్చారు, ఇప్పుడు ఫ్యూయల్ సేవర్ అని అమ్మేవాటిల్లో చాలావరకు ఆ దారే.

అట్టని ఏదో అద్భుతం జరుగుద్దని అనుకోబాకండి. టైరు లాగుడు, అంటే ఇట్ట అణిగి లేచేదాంట్లో బండిని వెనక్కి పట్టేది, నూటికి పది తగ్గితే డీజిల్ ఆదా ఒకటి, రెండు శాతం. నెలకి 3000 కిలోమీటర్లు తిరిగే బండి, లీటరుకి 12 ఇస్తే 250 లీటర్లు, అందులో రెండు శాతం అంటే 5 లీటర్లు. అంతే. లీటరు వంద వేసుకున్నా నెలకి ఐదొందలు. ఊరికే వచ్చేవైతే ఎవరికి చేదు, కానీ దానికోసం టైరుకి రెండు మూడు వేలు ఎక్కువ పెట్టాలంటే టైరు ఎన్నాళ్ళు వస్తాదో కూడా లెక్కేసుకోవాల.

ఇంకో తమాషా ఉంది. కొత్త టైర్లు వేసిన ప్రతివోడూ వారం తిరక్కుండానే మైలేజి పడిపొయ్యిందని షాపోడి మీద పడతాడు. పడిపోతాది మరి! కొత్త టైరుకి రబ్బరు నిండుగా ఉంటాది కాబట్టి లాగుడు ఎక్కువ, అరిగే కొద్దీ తగ్గుతాది. దానికితోడు అరిగిన టైరు చుట్టుకొలత చిన్నది, మీటరు నిజంగా తిరిగినదాని కంటే కొంచెం ఎక్కువే చూపించి ఉంటాది ఇన్నాళ్ళూ. సైజు పెంచినోళ్ళకి ఇది ఇంకా ఎక్కువ, 215/75 ఆర్ 15 తీసేసి 235/75 ఆర్ 15 వేశారనుకోండి, చుట్టుకొలత నాలుగు శాతం దాకా పెరుగుతాది, మీటర్లో 100 తిరిగితే బండి నిజంగా పోయింది 104. అది కలపకుండా మైలేజి లెక్కేస్తే తప్పే వస్తాది.

సైజు ఒకటేనని జీపు టైరు తెచ్చి పికప్‌కి వెయ్యబాకండి, ఇది గట్టిగా చెప్తుండా. సైజు పక్కన ఒక నంబరుంటాది, 100 అని ఉంటే ఆ టైరు మోసేది 800 కిలోలు, 106 అయితే 950. మన బండికి కంపెనీ ఇచ్చిన నంబరు కంటే తగ్గకూడదు. పికప్‌కైతే ఎల్‌టీ (లైట్ ట్రక్, అంటే చిన్న లోడు బండి టైరు) అని రాసుండేది అడగండి. అట్టనే టైరు పక్క గోడ మీద డాట్ (DOT) అని మొదలయ్యే వరసలో చివరి నాలుగంకెలు చూడండి, 2325 అంటే 2025లో 23వ వారం తయారైంది. డిస్కౌంటు అని ఊరిస్తే ముందు అది చూడండి, షాపు ముందర ఎండలో ఎన్నాళ్ళు పడుందో.

గాలి సంగతి మాత్రం ఎంత చెప్పినా తక్కువే. పొద్దున్నే బండి తియ్యకముందు, టైరు చల్లగా ఉన్నప్పుడు చూసుకోవాల. రోహిణి కార్తెలో మధ్యాన్నం హైవే దిగి గేజి పెడితే నాలుగైదు పాయింట్లు ఎక్కువే చూపిస్తాది, పెరిగిందని తీసేశారంటే సాయంత్రానికి తక్కువైపోతాది. టైరు మీద రాసుండే పెద్ద నంబరు ఆ టైరు తట్టుకునే గరిష్ఠం, మీరు పెట్టాల్సింది కాదు, పెట్టాల్సింది బండి పుస్తకంలో లోడుకి వేరే, ఖాళీకి వేరే ఉంటాది. గాలికి బదులు నైట్రోజన్ కొట్టించాలా అంటారా, మామూలు గాల్లో కూడా 78 శాతం అదే, వారం వారం చూసుకునేవోడికి దాంతో పెద్ద పనిలేదు.

రెండే కొత్తవి కొంటే వెనక వెయ్యండి. మనోళ్ళంతా ముందు వేస్తారు, కానీ ఖాళీ పికప్‌కి వెనకాల బరువే ఉండదు, వానలో వెనక టైరు గుండుగా ఉంటే తోక జాడిస్తాది. గ్రిప్పు 1.6 మిల్లీమీటర్లకి వస్తే తీసెయ్యాలని రూలే ఉంది, గీతల మధ్య చిన్న గుర్తులుంటాయి, దాని దాకా అరిగితే అయిపొయ్యినట్టే.

బేరం దగ్గర ఒక మాట, 2025 సెప్టెంబరు 22 నుంచి టైర్లకి జీఎస్టీ 28 నుంచి 18 అయ్యింది, పాత రేటు చెప్తే బిల్లు అడగండి. పాత టైర్లు షాపులోనే వదిలేసి రాబాకండి, రీట్రెడ్డింగు వాళ్ళు (అరిగిన టైరుకి కొత్త గ్రిప్పు అతికేవాళ్ళు) కొంటారు, ఎంతిస్తావని అడిగి ఆ డబ్బులు బిల్లులో తగ్గించుకోండి.