ట్యాంకు నీళ్ల లెక్క ఫోన్‌లోకి: మూడు ఆదివారాల పని

మోటారు వేసి మర్చిపోవడం నాకు అలవాటు. ట్యాంకు పొర్లి పక్కింటివాళ్లు కేకేస్తే గానీ గుర్తురాదు. అందుకే నీటిమట్టం బ్లూటూత్‌లో ఫోన్‌కి వచ్చేలా చేద్దామని దిగాను. సామాను: ఆర్డుయినో ఊనో (మనం రాసిన ప్రోగ్రాం నడిపే చిన్న సర్క్యూట్ బోర్డు), ఎచ్‌సీ-05 అనే బ్లూటూత్ మాడ్యూల్, శబ్దతరంగాలు పంపి నీళ్లు ఎంత దూరంలో ఉన్నాయో కొలిచే, తడికి తట్టుకునే అల్ట్రాసోనిక్ సెన్సర్.

మొదటి ఆదివారమంతా వైరింగే. ఎచ్‌సీ-05కి 5 వోల్టుల కరెంటు ఇవ్వొచ్చు గానీ, డేటా అందుకునే దాని ఆర్‌ఎక్స్ పిన్ 3.3 వోల్టులకే. ఆర్డుయినో పంపేది 5. మధ్యలో 1 కిలోఓమ్, 2 కిలోఓమ్ రెసిస్టర్లు వేసి దించాను. మాడ్యూల్‌ని ఆర్డుయినో 0, 1 పిన్నులకు తగిలిస్తే ప్రోగ్రాం ఎక్కడానికి మొరాయించింది; కంప్యూటర్ నుంచి ప్రోగ్రాం వచ్చేదీ ఆ పిన్నుల మీదుగానే. 10, 11కి మార్చాను. ఇక ఫోన్‌లో కనబడే మాడ్యూల్ పేరు మార్చడం. మాడ్యూల్ మీది బటన్ నొక్కిపట్టి కరెంటిస్తే లైటు నెమ్మదిగా కొట్టుకుంటుంది, అదే ఏటీ మోడ్, అంటే మాడ్యూల్ సెట్టింగులు మార్చే స్థితి. అక్కడ డేటా వేగం సెకనుకు 38400 బిట్లు, మామూలుగా 9600. ఇది తెలియక గంటసేపు దాని మూగనోము చూస్తూ కూర్చున్నా. ఫోన్‌తో జత కలపడానికి (పెయిరింగ్) పిన్ నంబరు 1234.

రెండో ఆదివారం ఆర్డుయినో, మాడ్యూల్ పెట్టిన డబ్బా డాబా ఎక్కింది. పైన నిలబడితే పది మీటర్ల దూరంలోనూ అంకెలు చక్కగా వచ్చాయి. కింద హాల్లోకి రాగానే తెగిపోయింది! నిలువునా కొలిస్తే నాలుగు మీటర్లు కూడా లేదు. అడ్డుపడింది స్లాబు, దానిలోని ఇనప ఊచలు. పైగా డబ్బాను ట్యాంకుకి ఆనించి కట్టాను. బ్లూటూత్ వాడే 2.4 గిగాహెర్ట్జ్ తరంగాలను నీళ్లు మింగేస్తాయి కాబట్టి నిండు ట్యాంకంటే ఇంకో గోడే. విప్పి మెట్లగది గుమ్మం పక్కకి మార్చాను. సెన్సర్ తీగ రెండున్నర మీటర్లు, బొటాబొటిగా అందింది. ఇప్పుడు తరంగాలు మెట్లమీదుగా దిగి హాల్లోకి వస్తున్నాయి. వంటింట్లో మాత్రం ఇప్పటికీ లేదు.

నిన్న కొత్త తంటా. ట్యాంకు నిండబోతుంటే అంకెలు పిచ్చిపిచ్చిగా వచ్చాయి. ఈ సెన్సర్ పాతిక సెంటీమీటర్లకన్నా దగ్గరున్నదాన్ని సరిగ్గా కొలవలేదు. మూత మీద పీవీసీ గొట్టం ముక్క నిలబెట్టి సెన్సర్‌ని పైకి లేపాను.

ఇంతా చేస్తే, మా ఆవిడ ఐఫోన్‌కి మాడ్యూలే కనబడదు. ఎచ్‌సీ-05 వాడే పాత సీరియల్ పద్ధతికి ఐఫోన్ ఒప్పుకోదు, బీఎల్‌ఈ (తక్కువ కరెంటుతో నడిచే కొత్తరకం బ్లూటూత్) కావాలి. మోటారు వేసేది ఎక్కువగా తనే కనుక బీఎల్‌ఈ ఉన్న ఎచ్‌ఎం-10 మాడ్యూల్ తెప్పిస్తున్నా.