అహ్మద్ జకీ సినిమాలు వరసగా: 1986 దాకా వచ్చాను

అహ్మద్ జకీ సినిమాలన్నీ విడుదలైన వరసలో చూద్దామని మొదలుపెట్టిన పని మొత్తానికి 1986 దాకా వచ్చింది. ఈజిప్టు నటుల్లో ఈయన్నే ఎందుకు పట్టుకున్నానంటే, ఏమీ తెలియని పల్లెటూరి సిపాయిగానూ నమ్మిస్తాడు, దేశాధ్యక్షుడిగానూ నమ్మిస్తాడు. ఆ దూరం ఎలా నడిచాడో వరసలో చూస్తేనే తెలుస్తుంది.

తెలియనివాళ్ల కోసం నాలుగు ముక్కలు. 1949లో నైలు డెల్టాలోని జగాజీగ్‌లో పుట్టాడు. పసివాడిగా ఉండగానే తండ్రి పోయాడు, తల్లి మళ్లీ పెళ్లి చేసుకుంది. కైరోలో నాటకం చదువుకుని, ‘మద్రసత్ అల్ ముషాఘిబీన్’ నాటకంలో అల్లరి మూక మధ్య నెమ్మదైన పేద విద్యార్థిగా జనం కంట పడ్డాడు. నల్లగా ఉన్నవాడు హీరో ఏంటి అన్న మాట అక్కడా ఉంది. మనకేం కొత్త కాదు లెండి. 1979లో టీవీ సీరియల్ ‘అల్ అయ్యామ్’లో అంధ రచయిత తాహా హుస్సేన్ పాత్ర వేశాక ఆ గొణుగుడు బాగా తగ్గింది.

ఇప్పుడు అసలు తలనొప్పి: సబ్‌టైటిల్స్. నాకు దొరికినవన్నీ ఇంగ్లిష్‌వే. మొదట్లో మాటకు సరిగ్గా పడతాయి, పోనుపోను వెనకబడతాయి. దాదాపు ప్రతిసారీ కారణం ఒకటే: వీడియో ఒక ఫ్రేమ్ రేటులో (సెకనుకు ఎన్ని బొమ్మలు కదులుతాయన్న లెక్క), సబ్‌టైటిల్ ఫైల్ ఇంకో రేటుకు. 25కీ 23.976కీ తేడా వస్తే రెండు గంటల సినిమా చివరికి ఐదు నిమిషాలు అటూఇటూ అయిపోతుంది. నేను మొదటి డైలాగ్ ఒకటి, చివరి పది నిమిషాల్లో ఒకటి చూస్తాను. తేడా రెండుచోట్లా సమానంగా ఉంటే వీఎల్‌సీ ప్లేయర్‌లో జీ, హెచ్ మీటలు నొక్కి జరిపితే చాలు. తేడా పెరుగుతూ పోతే ఆ మీటలతో ఎంత కుస్తీ పట్టినా లాభం లేదు. ‘సబ్‌టైటిల్ ఎడిట్’ అనే ప్రోగ్రామ్‌లో ఫైల్ తెరిచి ఫ్రేమ్ రేటు మార్చి సేవ్ చేసుకోవాలి. రెండు నిమిషాల పని.

వెతకడంలో ఇంకో చిక్కు. అహ్మద్ జకీ అనే పేరుతోనే మాల్దీవుల్లో ఒక ప్రధానమంత్రి ఉండేవాడు! ఇంగ్లిష్ స్పెల్లింగులూ రకరకాలు. సినిమా పేరు అరబిక్ లిపిలో కాపీ చేసి, పక్కన సంవత్సరం కొట్టి వెతకడం మేలు.

ఈ విడతలో నన్ను కదలనివ్వనిది ‘అల్ బరీ’ (1986). దర్శకుడు ఆతెఫ్ అల్ తయ్యెబ్, రచన వహీద్ హామెద్. చదువురాని ఒక రైతు కుర్రాడిని నిర్బంధ సైనిక సేవలోకి లాక్కుపోయి, ఎడారిలో రాజకీయ ఖైదీల జైలుకు కాపలా పెడతారు. వీళ్లంతా దేశద్రోహులని పైవాళ్లు చెబితే నమ్మేస్తాడు. తీరా ఒకరోజు ఖైదీల గుంపులో తన ఊరి స్నేహితుడు దిగుతాడు. కాపలా బురుజు మీద ఒక చేతిలో తుపాకీ, ఇంకో చేతిలో పిల్లనగ్రోవి. అంత అమాయకత్వాన్ని జాలి అడుక్కోకుండా పలికించడం మాటలు కాదు. సినిమాను మంత్రులు చూశాకే విడుదల కానిచ్చారు, అదీ ముగింపు కత్తిరించి. కాబట్టి కాపీ ఎంచుకునేటప్పుడు జాగ్రత్త. నిడివి చూసి మోసపోవద్దు. చివరి సన్నివేశానికి దూకకుండా, కింద కామెంట్లలో పూర్తి ముగింపు ఉందో లేదో ముందే కనుక్కోండి.

తర్వాతి వంతు మొహమ్మద్ ఖాన్ తీసిన ‘జౌజత్ రజుల్ ముహిమ్’. 1977లో ధరల పెంపు మీద ఈజిప్టులో చెలరేగిన రొట్టెల అల్లర్ల తర్వాత ఉద్యోగం ఊడిన పోలీసు అధికారి కథ. భార్య పాత్రలో మెర్వత్ అమీన్. ఆవిడకు గాయకుడు అబ్దుల్ హలీమ్ హఫెజ్ అంటే ప్రాణం. ఆ గాయకుడి పాత్రే జకీకి చివరిది కావడం విచిత్రం. 2005లో కేన్సర్‌తో పోయాడు, ‘హలీమ్’ మరుసటి ఏడు వచ్చింది. కుర్రవయసు హలీమ్‌గా జకీ కొడుకు హైతమ్ నటించాడు. దాన్ని ముందే చూసేయాలని చెయ్యి లాగుతోంది గానీ వరస తప్పించను.

ముందుకు దూకాలనుకునేవాళ్లకు ఒక్క మాట: జకీ ఈజిప్టు అధ్యక్షుడు నాసర్‌గా వేసిన ‘నాసర్ 56’ (1996) తెరిచి రంగు లేదని ఇంకో ఫైల్ వెతక్కండి. నలుపు తెలుపులోనే తీశారు.