దడ తగ్గడానికి ఒక్క సెరటోనిన్ చాలదు

పర్లాకిమిడిలో మాది మందుల షాపు. పాతపట్నం వైపు నుంచి కూడా జనం వస్తారు. చీటీ రాసింది ఒడియా డాక్టరైనా, నన్ను అడిగేది తెలుగులోనే: "బాబూ, ఈ టెన్షన్ మాత్ర సెరటోనిన్ పెంచుతుందన్నారు. వారమైనా దడ తగ్గలేదేం?"

ఆ మాత్రలకి కొన్ని వారాలు పడుతుంది, మొదట్లో కాస్త కంగారు పెరగొచ్చు కూడా. డాక్టర్ని అడగకుండా మానొద్దని చెబుతాను. కానీ అసలు సంగతి ఇంకా లోతుగా ఉంది.

సెరటోనిన్ అంటే మెదడు కణాల మధ్య కబుర్లు మోసే రసాయనం. మెదడు కాండంలో రాఫే అనే చోట దాన్ని తయారుచేసే కణాలు ఉంటాయి. వాటి జోరు పెంచడంలో, తగ్గించడంలో పెప్టైడ్లకి పెద్ద పాత్ర ఉంది. పెప్టైడ్ అంటే అమైనో ఆమ్లాల చిన్న గొలుసు. 1981లో అమెరికా శాస్త్రవేత్త వైలీ వేల్ బృందం గుర్తించిన పెప్టైడ్ కార్టికోట్రోపిన్ రిలీజింగ్ ఫ్యాక్టర్, పొట్టిగా సీఆర్ఎఫ్‌లో అవి 41. ఒత్తిడి వస్తే ఇది విడుదలవుతుంది. ఎలుకల్లో చూసింది నన్ను ఎంతో ఆశ్చర్యపరిచింది: రాఫేలోకి సీఆర్ఎఫ్ కొద్దిగా చేరితే ఆ కణాలు నెమ్మదిస్తాయి, బాగా ఎక్కువైతే చురుకవుతాయి. దాన్ని అందుకునే గ్రాహకాలు రెండు రకాలు కావడం వల్లే ఈ తేడా. కాబట్టి "సెరటోనిన్ తక్కువైంది, అందుకే భయం" అనేది చాలా పొట్టి మాట.

భయాన్ని తగ్గించే పెప్టైడ్లూ ఉన్నాయి. న్యూరోపెప్టైడ్ వై అలాంటిదే. ఆక్సిటోసిన్ అయితే రాఫే కణాల మీదే పనిచేసి చిట్టెలుకల్లో ఆందోళన తగ్గించింది.

సీఆర్ఎఫ్‌ని అడ్డుకునే మందుల మీద ఎంతో ఆశ పెట్టుకున్నారు. జంతువుల్లో పనిచేసినవి మనుషుల పరీక్షల్లో నిలబడలేదు. ఆ వార్త చదివినప్పుడు నిజంగా బాధేసింది.