అరవై సైకిల్స్ గడియారం, యాభై సైకిల్స్ ఊరు

అన్న అమెరికా నుంచి తిరిగొచ్చేటప్పుడు తెచ్చిన క్లాక్ రేడియో అమ్మ మంచం పక్కన చాలాకాలం ఉత్త రేడియోగానే బతికింది. ముఖాన ఎర్రటి అంకెలు వెలుగుతూనే ఉండేవి గానీ, ఆ టైమును ఇంట్లో ఎవరూ నమ్మేవాళ్ళు కాదు. రాత్రి పదింటికి ఫోన్ చూసి సరిచేస్తే తెల్లారి ఆరింటికి 4:40 చూపించేది. నాలుగింటికి అలారం పెడితే ఐదూ పన్నెండుకు మోగేది. "దాని గడియారం పోయింది, పాటలు మాత్రం వస్తాయి" అని అందరం తీర్మానించేసుకున్నాం.

తర్వాత పాటలు కూడా పాడైపోయాయి. స్పీకర్లోంచి సన్నగా మొదలైన బుర్రు శబ్దం మాటల్ని మింగేసేదాకా పెరిగింది. వాల్యూమ్ తిప్పితే గరగర. దాంతోపాటు గోడ దగ్గర పెట్టిన స్టెప్‌డౌన్ పెట్టె ఒకటుంది, 230 ఓల్టులను 110 చేసేది. అది రాత్రీ పగలూ వెచ్చగానే ఉండేది. చెయ్యి పెట్టి చూసినప్పుడల్లా నాకు టెన్షన్.

పారేసి కొత్తది కొనొచ్చు కదా అంటే, అమ్మకు కావలసిన వస్తువు ఇప్పుడు దొరకడం లేదు. రాత్రి మెలకువ వచ్చినప్పుడు కళ్ళజోడు వెతుక్కోకుండా టైము కనబడాలి. ఫోన్ తీస్తే కళ్ళలోకి వెలుతురు కొడుతుంది, పైగా ఏదో ఒకటి నొక్కేస్తుంది. అంగుళం ఎత్తు ఎర్ర అంకెలు, నెత్తిన ఒకే ఒక పెద్ద మీట. ఆమెకు అంతకంటే అక్కర్లేదు.

మొదట చూపించిన షాపులో కుర్రవాడు మూత కూడా తీయలేదు. "ఇట్లాంటివి ఇప్పుడు ఎవురు జేస్తారు సార్, ఫోన్లో అలారం లేదా?" అన్నాడు. అతన్ని తప్పుపట్టను. అతని బల్ల నిండా ఫోన్లే, వాటి మీదే అతని బతుకు. తిరుపతి గాంధీ రోడ్డు వెనక సందులో మైకుసెట్లు బాగుచేసే పెద్దాయన ఒకాయన ఉన్నాడని తెలిసి అక్కడికి వెళ్ళాను. అప్పుడు గంగమ్మ జాతర ముంచుకొస్తోంది. షాపు నిండా నోరు తెరిచిన ఆంప్లిఫయర్లే. "జాతర అయిపోనీ సామీ, అంతదాకా నాకు నీళ్ళు తాగే టైము గూడా లేదు" అన్నాడు.

జాతర అయ్యాక మళ్ళీ వెళ్తే, నన్ను స్టూలు మీద కూర్చోబెట్టి నా ముందే విప్పాడు. కింద మరలు అన్నీ తీసినా పెట్టె ఊడలేదు. చివరిది బ్యాటరీ అర లోపల దాక్కుని ఉంది. మూత లేస్తే లోపల దుమ్ము, ఎండిన బల్లిగుడ్డు పెంకులు. పెయింటు బ్రష్షుతో అంతా దులిపి, ఆయన అన్న మొదటి మాట నాకు బాగా గుర్తుంది: "దీంట్లో రెండు మిషన్లు ఉండాయి సామీ. ఒగటి టైము జూస్తాది, ఇంగొగటి పాడతాది. ఏది పోయినాదో ముందు తేల్చుకోవాల."

నిజమే. ఒకే ఇంట్లో అద్దెకున్న రెండు కుటుంబాల్లాగా, గడియారానికీ రేడియోకీ కరెంటు మీటరు ఒకటే, వంట వేరు. ఒక ట్రాన్స్‌ఫార్మరు రెండింటికీ కరెంటు ఇస్తుంది. అలారం టైముకు రేడియోను ఆన్ చేయడం తప్ప గడియారానికి రేడియోతో ఇంకే సంబంధమూ లేదు.

బుర్రు శబ్దం కారణం కంటికే కనబడింది. ట్రాన్స్‌ఫార్మరు నుంచి వచ్చే ఏసీ, అంటే అటూఇటూ ఊగే కరెంటు, డయోడ్ల గుండా డీసీ, అంటే ఒకే వైపు పారే కరెంటు అవుతుంది, దాన్ని నున్నగా చేయడానికి ఒక పెద్ద కండెన్సర్ ఉంటుంది. అది ఎండిపోతే ఎత్తుపల్లాలు అలాగే స్పీకర్లోకి వెళ్తాయి. సెకనుకు 50 సార్లు ఊగే మన 50 సైకిల్స్ కరెంటు రెండు డయోడ్ల గుండా వస్తే ఆ బుర్రు 100 హెర్ట్జ్ దగ్గర వినిపిస్తుంది. మా దాంట్లో 1000 మైక్రోఫారడ్, 16 ఓల్టుల కండెన్సర్ నెత్తి ఉబ్బి ఉంది. పెద్దాయన అదే విలువలో 25 ఓల్టులది, 105 డిగ్రీలు తట్టుకునేది వేశాడు. కండెన్సర్ సామర్థ్యం చెప్పే మైక్రోఫారడ్లు పాతదానికి దగ్గరగా ఉండాలి, ఓల్టులు మాత్రం పాతదానికంటే ఎక్కువున్నా నష్టం లేదు. పక్కనున్న చిన్న కండెన్సర్లను కూడా మార్చేశాడు. "ఒగసారి విప్పినాక మళ్ళా విప్పించుకోగూడదు" అన్నాడు.

వాల్యూమ్ గరగరకు కాంటాక్ట్ క్లీనర్ స్ప్రే. కంట్రోలు లోపల కార్బన్ పట్టీ మీద దుమ్ము చేరితే ఆ శబ్దం వస్తుంది. సందులోంచి ఒక్క చుక్కంత కొట్టి, ఆ చివర నుంచి ఈ చివరకు బాగా తిప్పాలి. ఎఫ్ఎం, ఏఎం మార్చే బ్యాండ్ స్విచ్చికీ, అలారం పెట్టే స్విచ్చికీ అదే వైద్యం. అలారం ఒక్కోరోజు అసలు మోగకపోవడానికి ఆ స్విచ్చి లోపలి మసే కారణం. తలుపులకు కొట్టే నూనె స్ప్రే కొట్టి కంట్రోళ్ళు పాడుచేసి తెచ్చేవాళ్ళు చాలామంది అని ఆయన విసుక్కున్నాడు.

9 ఓల్టుల బ్యాటరీ కారి, క్లిప్పు పచ్చగా చిలుముపట్టి ఉంది. కొత్త క్లిప్పు చాలా చవక. వైరు కొంచెం వెనక్కి కోసి, లోపల రాగి మెరిసే చోట అతికితేనే సీసం పట్టింది.

అసలు కథ ట్రాన్స్‌ఫార్మరుది. ఆ స్టెప్‌డౌన్ పెట్టె మీద నాకు ముందునుంచీ గుర్రే. పెద్దాయన దాన్ని చూసి నవ్వాడు. "ఇది ఓల్టేజీని తగ్గిస్తాది గానీ సైకిల్సును మార్చదు గదా" అన్నాడు. నాలుగింటి అలారం ఐదూ పన్నెండుకు ఎందుకు మోగుతోందో ఆ ఒక్క మాటతో నాకు వెలిగింది. ఈ రకం గడియారంలో చేతిగడియారంలో ఉండే క్వార్ట్జ్ ఉండదు. గోడలోంచి వచ్చే కరెంటు ఊగిసలాటలను లెక్కపెట్టి టైము నడుపుతుంది. అమెరికాలో సెకనుకు 60 ఊగులు, ఇక్కడ 50. అరవై లెక్కపెడితే గానీ దానికి ఒక సెకను కాదు. అంటే మన గంటలో దానికి యాభై నిమిషాలే గడుస్తాయి. రోజుకు నాలుగు గంటలు వెనక. ఆ గడియారం పాడవలేదు, తనకు తెలిసిన లెక్కను తు.చ. తప్పకుండా చేస్తోంది. ఇంకో సంగతి: 60 సైకిల్సుకు చుట్టిన చిన్న ట్రాన్స్‌ఫార్మరు 50 మీద ఎక్కువ వేడెక్కుతుంది. రోజంతా ప్లగ్గులోనే ఉండే వస్తువుకు అది మంచిది కాదు.

అందుకే లోపలి ట్రాన్స్‌ఫార్మరే మార్చేద్దామన్నాం. పాతది పనిచేస్తుండగానే మీటరు పెట్టి బయటికి ఎంత ఇస్తోందో కొలిచాడు. రెండు పక్కలా తొమ్మిది ఓల్టుల దగ్గర ఉంది. ఇంజనీరింగ్ పిల్లలు ప్రాజెక్టులకు కొనే 9-0-9, 500 మిల్లీఆంపుల ట్రాన్స్‌ఫార్మరు సరిపోయింది. దాని కోసం చెన్నైలో ఎలక్ట్రానిక్స్ సామాన్లమ్మే రిచీ స్ట్రీట్ దాకా పోవాలేమో అనుకున్నాను, మన ఊళ్ళోనే దొరికింది. సైజు కాస్త పెద్దది కావడంతో పెట్టెలోని ప్లాస్టిక్ గుబ్బ ఒకటి కోసి కొత్త రంధ్రాలు వేశాడు. 230 వచ్చే వైపు చిన్న ఫ్యూజు, ప్రతి అతుకు మీదా స్లీవు. ఆ రెండింటి విషయంలో ఆయన తొందరపడలేదు, నన్నూ తొందరపెట్టనివ్వలేదు.

ప్లగ్గు పెడితే అంకెలు వెలిగాయి, సగం గీతలే! ఎనిమిది ఎనిమిదిలా లేదు, నాలుగు అసలు పోల్చుకోలేని గుర్తులా ఉంది. నాకు గుండె జారింది, గడియారాన్ని నడిపే చిప్పు, ఐసీ, పోయిందేమోనని. ఆయన మాత్రం కంగారుపడకుండా ట్రాన్స్‌ఫార్మరు వైర్లలో ఒకదాన్ని పట్టి కదిలించాడు. మిగతా సగం వెలిగి ఆరింది. అతుకు సరిగా పట్టలేదు. ఆ డిస్‌ప్లేలో గీతలన్నీ ఒకేసారి వెలగవట. కరెంటు ఒక వైపు ఊగినప్పుడు సగం, రెండో వైపు ఊగినప్పుడు మిగతా సగం. సెకనుకు యాభైసార్లు మారుతుంటే కంటికి అన్నీ ఒకేసారి వెలుగుతున్నట్టే ఉంటుంది. ఒక వైపు వైరు ఊడితే సగం అంకెలు మాయం. ఇలాంటి గడియారం మీ ఇంట్లో ఎప్పుడైనా సగం అంకెలు చూపిస్తే, ఐసీని అనుమానించే ముందు అతుకులూ డయోడ్లూ చూడమనండి.

మిగిలింది అరవైని యాభై చేయడం. అది పెద్దాయనకు కొత్త. నేనే బోర్డు మీది ఐసీ నంబరు చదివాను: ఎల్ఎం 8560. సాన్యో వాళ్ళ గడియారం ఐసీ, లెక్కలేనన్ని క్లాక్ రేడియోల్లో ఇదే ఉంటుంది. దాని ఏ కాలు ఏం చేస్తుందో చెప్పే కంపెనీ కాగితం, డేటాషీట్, ఫోన్లోనే దొరికింది. ఇరవై ఎనిమిది కాళ్ళలో ఒకదాని పని 50, 60 మధ్య ఎంచుకోవడమే. కంపెనీ ఒకే బోర్డును అన్ని దేశాలకూ చేసి, ఆ కాలి దగ్గర రెండు రంధ్రాలను కలిపే ఒక చిన్న జంపర్ వైరుకు చోటు వదిలింది. అమెరికాకు పంపిన దాంట్లో ఆ చోటు ఖాళీ. పెద్దాయన భూతద్దంలో చూసి, రెండు రంధ్రాల మధ్య తెగిన కండెన్సర్ కాలు ముక్క ఒకటి పెట్టి అతికాడు. అంతే! ఇన్నేళ్ళూ పోయిందనుకున్న గడియారం ఒక గోరంత వైరుతో బాగయింది. డేటాషీట్ పేజీని ప్రింటు తీసి ఇవ్వమని అడిగాడు, ఇచ్చాను.

ఎఫ్ఎం మాత్రం ముందుకంటే నీరసించింది. ఈ సెట్టులో ఎఫ్ఎంకు వేరే ఏరియల్ లేదు. కరెంటు వైరునే ఏరియల్‌గా వాడుకునేలా ఒక చిన్న కండెన్సర్ ద్వారా కలిపారు. వైరు మార్చినప్పుడు ఆ కలయిక తెగింది. మళ్ళీ కలపమంటే ఆయన ససేమిరా అన్నాడు. "120కి పెట్టిన ముసిలి కండెన్సర్ను నమ్ముకోని 230ని రేడియో మీదికి ఇడస్తానా?" నాకు ఆ మాట నచ్చింది. దాని బదులు ఏరియల్ చోటున ఒక మామూలు వైరు అతికి వెనక వేలాడదీశాడు. తిరుపతి ఆకాశవాణి 103.2 మెగాహెర్ట్జ్. ఆ తరంగం పొడవులో నాలుగో వంతు దాదాపు 73 సెంటీమీటర్లు, వైరు అంతే పొడవు కోశాం. మంచం తలవైపు మేకుకు తగిలిస్తే స్టేషను స్పష్టంగా వచ్చింది.

ఇంటికి తెచ్చి ఫోన్ టైముతో పోల్చుతూ కొన్నాళ్ళు చూశాను. ఒక రోజు కొన్ని సెకన్లు ముందు, ఇంకో రోజు కొన్ని సెకన్లు వెనక. అది రిపేరు లోపం కాదు. ఊళ్ళన్నిటినీ కలిపే కరెంటు లైన్ల అల్లిక, గ్రిడ్, దాని ఊగుల లెక్క (ఫ్రీక్వెన్సీ) కచ్చితంగా యాభై మీద నిలబడదు, 49.90కీ 50.05కీ మధ్య ఉంచాలన్నది నియమం. 49.90 మీదే రోజంతా నడిచిందనుకుంటే గడియారం దాదాపు మూడు నిమిషాలు వెనకబడుతుంది. పైకీ కిందకీ ఊగుతుంది కాబట్టి చాలావరకు సరిపోతుంది. 2013 డిసెంబర్ 31న రాయచూర్–షోలాపూర్ 765 కేవీ లైనుతో మన దక్షిణ గ్రిడ్ మిగతా దేశం గ్రిడ్‌తో కలిసింది. అప్పటి నుంచి మా అమ్మ మంచం పక్క గడియారమూ, ఢిల్లీలో ఇలాంటిదే ఉంటే అదీ ఒకే ఊపుకు లెక్కపెడతాయి. ఇది అమ్మకు చెబితే "అయితే అలారం మోగుతుందా లేదా, అది చెప్పు" అంది.

మోగుతోంది, నాలుగంటే నాలుగింటికే. కరెంటు పోయినప్పుడు 9 ఓల్టుల బ్యాటరీ లెక్కను నిలబెడుతుంది, ఆ కాసేపు అంకెలు వెలగవు. బ్యాటరీ మీద నడిచేటప్పుడు ఐసీ తన సొంత అంచనాతో లెక్కపెట్టుకుంటుంది, అదంత కచ్చితం కాదు. అందుకే పెద్ద కరెంటు కోత తర్వాత ఒకసారి టైము చూసుకుంటున్నాను. బ్యాటరీ మళ్ళీ కారకుండా ఉగాదికి ఒకసారి మార్చేద్దామనుకున్నాం.

స్టెప్‌డౌన్ పెట్టెను పెద్దాయనకే ఇచ్చేశాను. మొత్తం బిల్లు, ట్రాన్స్‌ఫార్మరుతో కలిపి, ఒక మామూలు కొత్త రేడియో ధరకు దగ్గరగానే అయింది. డబ్బు మిగులుతుందని ఈ పని పెట్టుకునేవాళ్ళకు నేను సలహా ఇవ్వను.

ఏఎం ఇంకా తేలలేదు. కడప ఆకాశవాణి కేంద్రం కోసం అమ్మ 900 కిలోహెర్ట్జ్ దగ్గర పెడితే స్టేషను వెనకాల చిటపటలు. గదిలో ఎల్ఈడీ బల్బు ఆపితే చాలావరకు పోతున్నాయి. ఇన్వర్టరు మీద నడిచేటప్పుడు మాత్రం బల్బు ఆపినా మొత్తం మోతే. ముందు వేరే రకం బల్బు పెట్టి చూడాలి.