షెడ్డుకు సోకు

మా ఊరు నకిరేకల్ దగ్గర. విల్లాల మెయింటెనెన్స్ పనికి షార్జా పోయిన మొదటి ఏడాది, నా ఒక్కడికే అప్పజెప్పిన మొదటి పని ఒక రేకుల షెడ్డు. పెద్ద ఇల్లు, వెనక చిన్న తోట, ఆ మూలన గడ్డి కోసే మిషన్, పైపులు, విరిగిన కుర్చీలు పడేసే షెడ్డు. చుట్టాలు తోటలో కూర్చుంటే కళ్లకు అదే తగులుతోందని మేడమ్ బాధ. ఆకుపచ్చలో కాస్త బూడిద రంగు కలిసిన డబ్బా నా చేతిలో పెట్టారు.

రంగేయడంలో ఏముందిలే అనుకున్నా. బట్టతో దుమ్ము తుడిచి రెండు కోటింగ్‌లు వేశా. సాయంత్రానికి షెడ్డు పెళ్లికొడుకులా ఉంది. నెల తిరగకముందే ఉల్లిపొరలా లేచింది. గోటితో గీకితే అరచేతి వెడల్పు ముక్క ఊడి వచ్చింది, కింద రేకు తళతళా మెరుస్తోంది. జీతంలో కోత పెడతానన్నాడు సూపర్‌వైజర్. ఆ రాత్రి టెన్షన్‌తో అన్నం సహించలేదు.

మా జట్టులో పెషావర్ ఉస్తాద్ ఒకాయన ఉండేవాడు. వచ్చి చూసి, "రేకు నున్నగుంది, ముందు దానికి పళ్లు రావాలి" అన్నాడు ఉర్దూలో. జీఐ రేకు మీద జింకు పూత ఉంటుంది. నేరుగా ఆయిల్ పెయింట్ వేస్తే ఆ రెంటి మధ్య సబ్బులాంటి పొర పుట్టి రంగు పట్టు వదిలేస్తుంది. ఈ సంగతి నాకు తర్వాత తెలిసింది. ఉస్తాద్ మాత్రం వంటగదిలోంచి సిర్కా (వెనిగర్) సీసా అడిగి తెప్పించి, గుడ్డ తడిపి రుద్దాడు. రేకు మెరుపు తగ్గి మొద్దుబారింది. నీళ్లతో కడిగి, ఆరాక జింకు రేకుకు వాడే ప్రైమర్ కొట్టి, ఆపైన రంగు. అదీ తెల్లవారుజామునే. ఎండెక్కిన రేకు మీద రంగు పరుచుకోకముందే ఆరిపోయి బ్రష్ గీతలు మిగులుతాయి. యూఏఈలో జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా మధ్యాహ్నం 12:30 నుంచి 3 వరకు ఎండలో పని చేయించకూడదని రూల్ ఉంది. ఆ రెండున్నర గంటలూ గోడ నీడన పడుకుని మా షెడ్డునే చూస్తుండేవాణ్ణి.

కిటికీ చుట్టూ, తలుపు కింద తెల్లటి పట్టీ గీశా. ఎవరూ చెప్పలేదు. పండక్కి అమ్మ గడపకు జాజు పూసి అంచున సున్నం గీత లాగుతుంది కదా, చేయి దానంతటదే పోయింది. పక్కన రెండు కాగితం పూల కుండీలు పెట్టాం. మేడమ్ వచ్చి చూసింది, ఫోన్‌లో ఫొటో తీసుకుంది, లోపలికి పోయింది. మెచ్చుకుందో లేదో ఇప్పటికీ నాకు తెలియదు. డబ్బా అడుగున మిగిలిన రంగు మాత్రం క్యాంపుకు తెచ్చి, ఆరుగురం ఉండే గదిలో నా మంచం పక్క గోడకు ఒక గజం మేర పూసుకున్నా.

రెండేళ్లకు సెలవు మీద ఇంటికొచ్చా. పెరట్లో బర్రెల కొట్టం పక్కన నాయిన షెడ్డు: మందు కొట్టే స్ప్రేయర్, యూరియా బస్తాలు, పాత మోటారు. ఇంట్లో సిర్కా ఎక్కడిది? మా వైపు నిమ్మ తోటలకేం కొదవ! రాలి పాడైన కాయలు బుట్టెడు తెచ్చి, కోసి రేకంతా రుద్ది కడిగా. ఉస్తాద్ చూస్తే నవ్వేవాడో తిట్టేవాడో. ప్రైమర్ మాత్రం టౌన్‌కు పోయి సరైనదే తెచ్చా.

"గడ్డపారలకు గింత సోకెందుకురా?" అన్నాడు నాయిన. అమ్మ ఏమీ అనలేదు. నేను తిరిగి పోయే ముందు రోజు షెడ్డు మూలన నాలుగు చిక్కుడు గింజలు నాటింది.

చలికాలంలో వీడియో కాల్ చేసి షెడ్డు చూపించమన్నా. నాయిన ఫోన్ అటు తిప్పాడు. అంతా ఆకే.

"నీ రంగు ఏడ కనవడ్తలేదు బిడ్డా. కాయ మాత్రం మస్తుగ కాసింది."