గేమింగ్ పీసీ బిల్డ్: ఆరు వారాల లెక్కలు

మొదటి వారం
పాత సిస్టమ్‌లో ఆటలు ఎందుకు తడబడుతున్నాయో తేలకుండా కొత్త పార్ట్ ఏదీ కొనకూడదనుకున్నాను. అందుకే ఒక పరీక్ష పెట్టాను. రోజూ ఆడే ఆట 1080పీలో (1920×1080 పిక్సెళ్ల రిజల్యూషన్) సెకనుకు 62 ఫ్రేములు, అంటే 62 బొమ్మలు, ఇస్తోంది. రిజల్యూషన్‌ను 720పీకి దించి, అదే సీన్‌లో మళ్లీ చూశాను. 65 వచ్చాయి. గ్రాఫిక్స్ కార్డు గీయాల్సిన పిక్సెళ్లు సగానికి పైగా తగ్గినా ఫ్రేములు పెద్దగా పెరగలేదంటే, అడ్డుపడుతున్నది కార్డు కాదు, నాలుగు కోర్ల పాత ప్రాసెసర్. కార్డు మారిస్తే సరిపోతుందని ఏడాదిగా అనుకుంటున్నాను. ఈ పరీక్షకు పది నిమిషాలు చాలు. బిల్డ్ మొదలుపెట్టే ఎవరికైనా నేను ముందు చెప్పేది ఇదే.

రెండో వారం
మానిటర్ ముందే ఖాయం చేశాను: 1440పీ, 165 హెర్ట్జ్ (సెకనుకు 165 ఫ్రేముల వరకు చూపగలదు). దీనితో లెక్క మళ్లీ మారింది. 1080పీలో ఒక్కో ఫ్రేముకు దాదాపు 21 లక్షల పిక్సెళ్లు, 1440పీలో దాదాపు 37 లక్షలు. ఆ అదనపు బరువు మోసేది కార్డే, ప్రాసెసర్ మీద పెద్దగా పడదు. కాబట్టి ఆశపడ్డ రైజెన్ 7 7800ఎక్స్3డీని పక్కన పెట్టి, 6 కోర్ల రైజెన్ 5 7600 తీసుకున్నాను. రెండూ ఏఎం5 సాకెట్‌వే, అంటే మదర్‌బోర్డు మీద ఒకే రకం గూట్లో కూర్చుంటాయి. తర్వాత మార్చాలనిపిస్తే బీ650 బోర్డు అలాగే ఉంటుంది.

కార్డు దగ్గర నాలుగు రోజులు ఆగిపోయాను. ఆర్‌టీఎక్స్ 4070 సూపర్‌కు 12 జీబీ మెమరీ, 220 వాట్లు. ఆర్‌ఎక్స్ 7800 ఎక్స్‌టీకి 16 జీబీ, 263 వాట్లు. రే ట్రేసింగ్‌లో (వెలుగునీడలను నిజంలా లెక్కగట్టి గీసే పద్ధతి) మొదటిదే మెరుగు, కరెంటూ తక్కువ లాగుతుంది. కానీ నేను రే ట్రేసింగ్ ఆన్ చెయ్యను, భారీ టెక్స్చర్ మోడ్లు (ఆటలోని ఉపరితలాలను మరింత స్పష్టంగా చూపే, కార్డు మెమరీ ఎక్కువ తినే అదనపు ఫైళ్లు) మాత్రం తప్పకుండా వేసుకుంటాను. అందుకే 16 జీబీ కార్డు. ఎస్‌ఎంపీఎస్ (పవర్ సప్లై) 750 వాట్లది. కార్డు క్షణకాలం లాగే కరెంటు దాని మామూలు లెక్క కంటే బాగా ఎక్కువ ఉంటుంది కాబట్టి ఇక్కడ పొదుపు చెయ్యలేదు.

మూడో వారం
ర్యామ్ విషయంలో స్పీడు అంకె ఒక్కటే చూస్తే మోసపోతాం. సీఎల్ అంటే అడిగిన డేటా రావడానికి ర్యామ్‌కు పట్టే క్లాక్ సైకిళ్ల లెక్క. డీడీఆర్5 6000లో సీఎల్ 30 అంటే 10 నానోసెకన్ల ఆలస్యం, అదే స్పీడులో సీఎల్ 40 అంటే 13 దాటుతుంది. 16 జీబీవి రెండు స్టిక్కులు, సీఎల్ 30 తీసుకున్నాను. నాలుగు స్టిక్కులు పెడితే ఏఎం5లో ఈ స్పీడు నిలబెట్టడం కష్టం.

ఐదో వారం
బిగింపు మొదలైంది, చిక్కూ వచ్చింది. క్యాబినెట్‌లో 340 మిల్లీమీటర్ల కార్డు పడుతుందని రాసి ఉంది, నా కార్డు 320. ధైర్యంగా ఉన్నాను. తీరా చూస్తే ఆ కొలత ముందు ఫ్యాన్లు లేనప్పటిది. ఫ్యాన్ మందం 25 పోతే మిగిలింది 315. ఐదు మిల్లీమీటర్ల తేడాతో కార్డు లోపలికి వెళ్లలేదు. అడ్డొచ్చిన ఫ్యాన్‌ను ప్రస్తుతానికి పైకి మార్చాను. 15 మిల్లీమీటర్ల సన్న ఫ్యాన్‌కు ఆర్డర్ పెట్టాను.

ఆరో వారం
స్విచ్ వేశాక స్క్రీన్ మీద ఏమీ రాలేదు. ఫ్యాన్లు తిరుగుతున్నాయి, బోర్డు మీద మెమరీ లైటు వెలుగుతోంది. చాలా టెన్షన్ పడ్డాను, కానీ చెయ్యి పెట్టలేదు. డీడీఆర్5 బోర్డులు మొదటిసారి ర్యామ్‌ను పరీక్షించుకోవడానికి కొన్ని నిమిషాలు తీసుకుంటాయి, మధ్యలో పవర్ తియ్యకూడదు. నాలుగో నిమిషంలో బయోస్ (బోర్డు సెట్టింగ్‌ల స్క్రీన్) కనిపించింది. ర్యామ్ 4800లోనే నడుస్తోంది. ఎక్స్‌పో ప్రొఫైల్ (ర్యామ్‌ను దాని మీద రాసిన స్పీడులో నడిపే సెట్టింగ్) ఆన్ చేశాకే 6000కి వచ్చింది.

తర్వాత పాత పరీక్షే మళ్లీ పెట్టాను. అదే ఆట, అదే సీన్. 1440పీలో 121, 1080పీకి దించితే 158. ఇప్పుడు కార్డు తన పూర్తి శక్తితో పనిచేస్తోంది, ప్రాసెసర్ దానికి అడ్డు రావడం లేదు. సన్న ఫ్యాన్ వచ్చాక కార్డు వేడి ఎంత తగ్గుతుందో కొలవాలి. ముందు ఆ చోట ఫ్యాన్ లేకుండా గంట ఆటకి 74 డిగ్రీలు.