‘ఒకటి రెండు చోట్ల’ అన్న మాట టీవీలో ఎక్కడ పోతోంది?

టీవీలో వాతావరణం చెప్పేవాళ్ల మీద ప్రేక్షకుల ఫిర్యాదులు ముఖ్యంగా రెండు. చెప్పిన వాన పడలేదు, చెప్పని వాన పడింది. కట్టిన చీర, పెంచిన గొంతు, వెనకాల హోరెత్తే మ్యూజిక్ ఇవన్నీ ఆ తర్వాతి సంగతులు. ఆ రెండు ఫిర్యాదుల్లో న్యాయం ఉంది. కాకపోతే వాతావరణ శాఖ అంచనా కట్టేటప్పుడు జరిగే తప్పుల కంటే, ఆ అంచనా స్క్రీన్ మీదికి వచ్చే దారిలో రాలిపోయే మాటల వల్లే ప్రేక్షకుడు ఎక్కువ మోసపోతున్నాడని నా నమ్మకం.

వాతావరణ శాఖ బులెటిన్‌లో వాక్యం ఇలా ఉంటుంది: ‘‘రేపు కృష్ణా, పశ్చిమ గోదావరి జిల్లాల్లో ఒకటి రెండు చోట్ల భారీ వర్షాలు కురిసే అవకాశం ఉంది.’’ స్క్రోలింగ్‌కి వచ్చేసరికి అది ‘‘కృష్ణా, పశ్చిమ గోదావరికి భారీ వర్ష సూచన’’ అవుతుంది. యాంకర్ నోట ‘‘రేపు ఈ జిల్లాలను వానలు ముంచెత్తనున్నాయి’’ అవుతుంది. నవంబరు నెలాఖరులో వరి కోసి పనలు చేలో పరిచిన రైతు ఆ మాట విని, రెట్టింపు కూలి ఇచ్చి రాత్రికి రాత్రే కుప్ప వేయిస్తాడు. ఆరని పన కుప్పలో వేడెక్కి గింజ రంగు మారుతుంది. మర్నాడు ఆ ఊళ్లో ఎండ కాస్తుంది. పక్క మండలంలో 8 సెంటీమీటర్లు పడుతుంది. బులెటిన్ ప్రకారం అంచనా ఫలించింది. రైతుకు మాత్రం కూలి డబ్బులూ పోయాయి, ధాన్యానికి రేటూ పోయింది.

‘ఒకటి రెండు చోట్ల’ అనేది ఏదో వాడుకగా అనే మాట కాదు, దానికి లెక్క ఉంది. ఆ ప్రాంతంలో ఉన్న వర్షమాపక కేంద్రాల్లో నాలుగో వంతు దాకా వాన నమోదైతే ‘ఒకటి రెండు చోట్ల’. 26 నుంచి 50 శాతం కేంద్రాల్లో పడితే ‘కొన్ని చోట్ల’. 51 నుంచి 75 దాకా ‘అనేక చోట్ల’. 76 దాటితే దాదాపు అన్ని చోట్లా పడ్డట్టు. అంటే ‘ఒకటి రెండు చోట్ల’ అన్నప్పుడు మీ ఊరికి తగలకపోవడమే ఎక్కువగా జరిగే పని. స్క్రీన్ మీద జిల్లా మొత్తానికి ఒకే నీలం రంగు పులిమితే ఈ తేడా ఎవరికి తెలుస్తుంది?

‘అవకాశం’ అన్న మాటదీ ఇదే పరిస్థితి. వాతావరణ శాఖ ఇంగ్లిషు బులెటిన్లలో దీనికి మూడు మెట్లున్నాయి: 25 నుంచి 50 శాతం, 50 నుంచి 75 శాతం, 75 శాతం పైన. ఒక్కో మెట్టుకు వేరే మాట వాడతారు. తెలుగులోకి వచ్చేసరికి మూడూ ‘అవకాశం ఉంది’లో కలిసిపోతాయి. తెలుగులో మాటలు లేక కాదు. మొదటిదానికి ‘పడినా పడొచ్చు’, రెండోదానికి ‘పడే అవకాశమే ఎక్కువ’, మూడోదానికి ‘దాదాపు ఖాయం’ అంటే పల్లెలో ముసలమ్మకు కూడా అర్థమవుతుంది. డెస్కులో ఒక్కరు ఈ మూడు మాటలు ఖాయం చేసి రోజూ అవే వాడితే నెల తిరక్కుండా ప్రేక్షకులకు అలవాటైపోతుంది.

ఇక వాన ఎంత అన్నది. 24 గంటల్లో 64.5 మిల్లీమీటర్లు దాటితేనే ‘భారీ’. 115.6 నుంచి ‘అతి భారీ’. 204.5 దాటితే ‘అత్యంత భారీ’. ఈ మూడింటినీ ‘కుండపోత’ అనే ఒక్క మాటతో తేల్చేయడం నాకు అస్సలు నచ్చదు. 7 సెంటీమీటర్ల వానంటే ఎంతో కళ్లకు కట్టాలంటే ఇలా చెప్పొచ్చు: చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు పడితే ఒక లీటరు నీళ్లు. వంద గజాల డాబా దాదాపు 84 చదరపు మీటర్లు. 7 సెంటీమీటర్లు పడితే ఆ డాబా మీద నుంచే 5,800 లీటర్ల పైన దిగుతాయి. అంటే వెయ్యి లీటర్ల ట్యాంకులు ఆరు నింపినంత. 21 సెంటీమీటర్లయితే దానికి మూడింతలు. ఇలా చెప్పే యాంకర్ కనిపిస్తే నేను ఛానల్ మార్చను.

గడియారం దగ్గర కూడా చాలామంది పొరబడతారు. వాతావరణ శాఖ వారి రోజు ఉదయం 8:30కి మొదలై మర్నాడు ఉదయం 8:30కి ముగుస్తుంది. కాబట్టి ‘బుధవారం భారీ వర్షాలు’ అన్నది గురువారం తెల్లవారుజామున 4 గంటలకు కురిసినా లెక్క ప్రకారం సరైన అంచనాయే. నిన్న 10 సెంటీమీటర్లు పడిందని ఈ రోజు ఉదయం చెబితే అది నిన్న 8:30 నుంచి ఈ రోజు 8:30 దాకా పడినది. ‘బుధవారం పొద్దున నుంచి గురువారం పొద్దున దాకా’ అనడానికి రెండు సెకన్లు చాలు.

తుపాన్ల సమయంలో మాటలు రాలిపోవడం ఇంకా ప్రమాదం. రేవుల్లో ఎగరేసే హెచ్చరికలనే తీసుకోండి. ‘ఎనిమిదో నంబరు నుంచి పదో నంబరుకు పెంచారు’ అని తుపాను రెండు మెట్లు బలపడినట్టు చదువుతారు. ఆ నంబర్ల అర్థం వేరు. 1, 2 దూరంగా సముద్రంలో ఉన్న ప్రమాదానికి, 3, 4 రేవు దగ్గరి వాతావరణానికి. 5, 6, 7 మూడూ ఓ మోస్తరు తుపానుకే: రేవును ఎడమకు వదిలి దాటేట్టుంటే 5, కుడికి వదిలి దాటేట్టుంటే 6, రేవు మీదుగానో బాగా దగ్గరగానో దాటేట్టుంటే 7. తీవ్ర తుపానుకు అదే వరసలో 8, 9, 10. సమాచార వ్యవస్థ తెగిపోతే 11. ఎనిమిదికీ పదికీ మధ్య తేడా దారిలో ఉంది, బలంలో లేదు.

ఆ కుడి ఎడమలు ఊరికే పెట్టినవి కావు. మన తీరం వైపు పడమరగా వచ్చే తుపానుకు కుడిపక్కన గాలి సముద్రం నుంచి నేల మీదికి తోస్తుంది. ఉప్పెన లేచేది అటువైపే. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెన కూడా తుపాను దాటిన చోటుకు కుడిపక్కనే వచ్చింది. అందుకే మ్యాప్ మీద ‘ఇక్కడ తీరం దాటుతుంది’ అని ఒక్క చుక్క పెట్టి ఊరుకోకుండా, ఆ చుక్కకు ఉత్తరాన ఉన్న మండలాల పేర్లు నెమ్మదిగా, రెండుసార్లు చదవాలి.

వానాకాలపు వాయుగుండాల్లో పద్ధతి మళ్లీ మారుతుంది. వాటిలో పెద్ద వాన చాలాసార్లు కేంద్రానికి నైరుతి దిక్కున పడుతుంది. 2024 ఆగస్టు 31 అర్ధరాత్రి దాటాక వాయుగుండం కళింగపట్నం దగ్గర తీరం దాటింది. భారీ వానలకు బుడమేరు వాగు పొంగి మునిగింది అక్కడికి 400 కిలోమీటర్ల పైన దూరంలో ఉన్న విజయవాడ. స్క్రీన్ మీద గుండ్రంగా తిరిగే గుర్తు కళింగపట్నం దగ్గరుంటే విజయవాడవాళ్లు తమకేం ఫర్వాలేదని అనుకోవడం సహజం. గుర్తు ఎక్కడుందో చెప్పడం కంటే వాన ఎక్కడ పడుతుందో చెప్పడం ముఖ్యం.

అలర్టుల రంగుల గురించి కొద్దిగా. ఎల్లో అంటే గమనిస్తూ ఉండమని, ఆరెంజ్ అంటే సిద్ధంగా ఉండమని, రెడ్ అంటే వెంటనే చర్యలకు దిగమని. ఎంత వాన పడుతుందన్న దానితో పాటు దాని వల్ల జరిగే నష్టాన్నీ, అది జరగడానికి ఉన్న అవకాశాన్నీ కలిపి చూసి రంగు ఇస్తారు. ఎల్లో అలర్టుకు కూడా తెరంతా ఎర్రబార్చి సైరన్ మోగిస్తే, నిజంగా రెడ్ వచ్చిన రోజు జనం లేచి చూడరు. ఇది నేను చాలా గట్టిగా చెప్పదలుచుకున్న మాట.

యాంకర్ల వైపు నుంచి ఒక సంగతి చెప్పాలి. వాళ్ల వెనకాల నిజంగా మ్యాప్ ఉండదు, ఆకుపచ్చ తెర ఉంటుంది. పక్కనున్న మానిటర్‌లో తమ బొమ్మ చూసుకుంటూ చేయి ఎక్కడ పెట్టాలో సరిచూసుకోవాలి. ఆకుపచ్చ చీర కడితే చీర మీద కూడా మ్యాపే కనిపిస్తుంది. ఆదిలాబాద్ అంటూ చేయి నిజామాబాద్ మీద పెట్టేది అందుకే. దాన్ని తెలివితక్కువతనం అనడం అన్యాయం. ‘ఉపరితల ఆవర్తనం’, ‘ద్రోణి’ అని గబగబా చదివి వదిలేయడాన్ని మాత్రం తప్పు పట్టాల్సిందే. నేల నుంచి కొంత ఎత్తులో గాలి సుడి తిరుగుతోందని ఒకదానికి, తక్కువ పీడనం ఓ గీతలాగా సాగి ఉందని రెండోదానికి చెబితే సరిపోతుంది. పాత వరద దృశ్యాల మీద తేదీ వేయకుండా ఈ రోజు అంచనా చదవడం మాత్రం క్షమించరానిది.

వేసవి సాయంత్రాల్లో ఉరుములు మెరుపులు తెచ్చే క్యుములోనింబస్ మేఘం గంట రెండు గంటల్లో పుట్టి, కురిసి, తేలిపోతుంది. అది ఏ ఊరి మీద పుడుతుందో ముందు రోజే చెప్పడం ఏ కంప్యూటర్ మోడల్‌కూ సాధ్యం కాదు. 2025 మేలో మొదలైన భారత్ ఫోర్‌కాస్ట్ సిస్టమ్ అనే మోడల్ నేలను 6 కిలోమీటర్ల గడులుగా విడగొట్టి లెక్క కడుతుంది, అంతకు ముందు గడి 12 కిలోమీటర్లు. గడి చిన్నదైనా ఈ మేఘాల దగ్గర పనికొచ్చేది రాడార్ చూసి రాబోయే మూడు గంటల కోసం ఇచ్చే తక్షణ హెచ్చరికే. హైదరాబాద్, మచిలీపట్నం, విశాఖపట్నంలలో డాప్లర్ రాడార్లు ఉన్నాయి. రాత్రి 9 గంటల బులెటిన్‌లో మధ్యాహ్నం 4 గంటల హెచ్చరిక చదివితే అది అప్పటికే చెల్లిపోయింది. చూసేవాళ్లు అడగాల్సింది ‘ఎప్పుడిచ్చారు, ఎన్నింటి దాకా’ అన్నది. ఆ రెండు సమయాలూ స్క్రీన్ మూలన కనిపించకపోతే ఆ హెచ్చరికను పక్కన పెట్టి, వాతావరణ శాఖ వెబ్‌సైట్‌లో మీ జిల్లా తక్షణ హెచ్చరిక తెరవండి. పిడుగుల కోసం దామిని యాప్ చూడండి. మీ చుట్టూ 20, 40 కిలోమీటర్ల వలయాల్లో మెరుపులు కనిపిస్తే పొలంలో పని ఆపి, చెట్టు కిందికి కాకుండా పక్కా కట్టడంలోకి వెళ్లండి.